క్రైస్తవ విశ్వాసం, వ్యాపార నిర్వహణ

సరుకు ధర, పనివాళ్ల కూలి, అప్పు మీద వడ్డీ, లాభంలో వాటా, సెలవు రోజు వంటి రోజువారీ వ్యాపార విషయాల్లో బైబిలు బోధలను ఆచరించడానికి క్రైస్తవులు చేస్తూ వచ్చిన ప్రయత్నాలకు సుదీర్ఘ చరిత్ర ఉంది. అన్ని సంఘాలూ ఒప్పుకున్న ఒకే పద్ధతి అంటూ ఏనాడూ లేదు. మధ్యయుగపు ఇటలీలో అది వడ్డీ గురించిన భయం. ఇంగ్లండు క్వేకర్లకు బేరం లేని ఒకే ధర. మంగుళూరులో పెంకుల కార్ఖానా, ఒంగోలు దగ్గర కాలువ తవ్వకం కాంట్రాక్టు, అమెరికాలో ఆదివారం తెరవని హోటలు. నిలిచిన ప్రయత్నాలనూ నీరుగారిపోయినవాటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటి కనిపిస్తుంది: నియమం యజమాని లాభానికే కోత పెట్టినచోట అది నిజంగా పనిచేసింది. పనివాడి నడవడికో, గోడ మీది వాక్యానికో పరిమితమైనచోట ఆ వ్యాపారం అందరి వ్యాపారంలాగే నడిచింది.

గ్రంథంలో ఏముంది

వ్యాపారం మీద బైబిల్లో విడిగా గ్రంథమేదీ లేదు. కానీ ధర్మశాస్త్రం అంగడి గురించి చాలా కచ్చితంగా మాట్లాడుతుంది. లేవీయకాండము 19వ అధ్యాయం కూలివాడి కూలి డబ్బును రాత్రంతా అట్టిపెట్టుకోవద్దంటుంది. పొలం అంచుల దాకా కోసెయ్యకుండా, రాలిన పరిగెను పేదలకూ పరదేశులకూ వదిలెయ్యమని చెప్పేదీ ఆ అధ్యాయమే. రూతు కథ మలుపు తిరిగేది అలాంటి పరిగె ఏరుకునే పొలంలోనే. ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయం సంచిలో రెండు రకాల తూనికరాళ్లు ఉండకూడదంటుంది. కొనేటప్పుడు ఒకటి, అమ్మేటప్పుడు ఒకటి అన్నమాట. పత్తి కాటాల దగ్గర నిలబడ్డ మన రైతుకు ఈ కిటుకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. క్రీస్తుపూర్వం 8వ శతాబ్దంలో ఆమోసు ప్రవక్త మండిపడ్డదీ ఇలాంటి వర్తకుల మీదే. విశ్రాంతి దినం ఎప్పుడు గడుస్తుందా, కొలత తగ్గించి తాలు గింజలు ఎప్పుడు అంటగడదామా అని ఎదురుచూసేవాళ్లు వాళ్లు.

కొత్త నిబంధనలో చట్టం తక్కువ, మనుషులు ఎక్కువ. సుంకపు గుత్తదారు జక్కయ్య తాను అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానంటాడు. లూదియ ఫిలిప్పీలో ఖరీదైన ఊదారంగు సరుకు అమ్మే వ్యాపారి. పౌలు కొరింథులో అకుల, ప్రిస్కిల్లలతో కలిసి డేరాలు కుట్టి పొట్టపోసుకున్నాడు. మత్తయి సువార్తలో రెండు ఉపమానాలు ఒకదానికొకటి ఎదురు నిలుస్తాయి. తలాంతుల ఉపమానం పెట్టుబడిని నేలలో పాతిపెట్టిన దాసుణ్ని తప్పుపడుతుంది. ద్రాక్షతోట ఉపమానం పొద్దు వాలే వేళ పనిలోకి దిగిన కూలికీ పూర్తి రోజు కూలి ఇప్పిస్తుంది. వ్యాపారుల కూటాల్లో మొదటిది వినిపించినంతగా రెండోది వినిపించదు.

వీటన్నిటి నుంచీ బోధకులు తీసిన మూలసూత్రం గృహనిర్వాహకత్వం: ఆస్తికి అసలు యజమాని దేవుడు, వ్యాపారి లెక్క ఒప్పజెప్పవలసిన నిర్వాహకుడు మాత్రమే. మాట చిన్నదే గానీ దీన్ని రెండు వైపులకూ లాగవచ్చు. సొమ్ము నాది కాదు కాబట్టి పంచుతానని ఒకరంటే, దేవుడే నాకు అప్పగించాడు కాబట్టి ఎవరూ అడగడానికి వీల్లేదని ఇంకొకరు అన్నారు.

వడ్డీ చిక్కు

ధర్మశాస్త్రం తోటి ఇశ్రాయేలీయుడి దగ్గర వడ్డీ తీసుకోవద్దంది, అన్యుడి దగ్గర తీసుకోవచ్చంది. మధ్యయుగపు సంఘం మొదటి సగాన్నే అందరికీ వర్తింపజేసింది. 1179లో జరిగిన మూడో లాటరన్ సభ బాహాటంగా వడ్డీ వ్యాపారం చేసేవాళ్లకు ప్రభు సంస్కారమూ క్రైస్తవ ఖననమూ ఇవ్వకూడదని శాసించింది. ఇటలీ బ్యాంకర్లు ఊరుకోలేదు, దారి వెతుక్కున్నారు. ఒక ఊళ్లో ఒక నాణెంలో ఇచ్చిన అప్పును ఇంకో ఊళ్లో ఇంకో నాణెంలో వసూలు చేసే హుండీలు రాసి, వడ్డీని మారకపు రేటులో కలిపేశారు.

దారి దొరికింది గానీ భయం పోలేదు. పాదువాకు చెందిన రెజినాల్దో స్క్రొవేన్యిని డాంటె తన కావ్యంలో నరకంలోని వడ్డీ వ్యాపారుల సరసన కూర్చోబెట్టాడు. ఆయన కొడుకు ఎన్రికో కట్టించిన ప్రార్థనామందిరంలోనే జొత్తో వేసిన ప్రసిద్ధ కుడ్యచిత్రాలున్నాయి. తండ్రి పాపానికి కొడుకు చేసుకున్న ప్రాయశ్చిత్తమని దాన్ని గురించి చాలాకాలంగా చెప్పుకుంటారు. ప్రాటో పట్టణపు వర్తకుడు ఫ్రాంచెస్కో దతీని తన ఖాతా పుస్తకాల్లో దేవుని పేరునూ లాభం పేరునూ ఒకే వరసలో రాసుకునేవాడు. కల్లంలో ధాన్యం కొలుస్తూ ‘ఒకటి’కి బదులు ‘లాభం’ అని లెక్క మొదలుపెట్టడం ఎరిగిన తెలుగువాళ్లకు ఇది వింతగా తోచదు. దతీని 1410లో చనిపోతూ తన ఆస్తిలో అధికభాగాన్ని ఊరి పేదల నిధికి రాసిచ్చాడు.

16వ శతాబ్దంలో జాన్ కాల్విన్ ఈ ముడిని వదులు చేశాడు. గతిలేనివాడి అవసరాన్ని ఆసరాగా తీసుకుని వడ్డీ గుంజకూడదు గానీ, వ్యాపారానికి పెట్టుబడిగా ఇచ్చిన సొమ్ము మీద మితమైన వడ్డీ తప్పు కాదన్నాడు. జర్మన్ సామాజికశాస్త్రజ్ఞుడు మాక్స్ వెబర్ 1904–05లో ప్రచురించిన రచనలో, కాల్విన్ శిష్యుల కష్టించే గుణమూ పొదుపూ ఆధునిక పెట్టుబడిదారీ విధానానికి ఊపిరి పోశాయని వాదించాడు. కాల్విన్ పుట్టకముందే ఇటలీ నగరాల్లో బ్యాంకులూ జంట పద్దుల లెక్కలూ ఉన్నాయన్నది ఆ వాదనకు చరిత్రకారులు చెప్పే గట్టి అభ్యంతరం.

క్వేకర్లు

విశ్వాసం వ్యాపార పద్ధతినే మార్చిన ఉదాహరణ కావాలంటే క్వేకర్లను మించినది లేదు. 17వ శతాబ్దం మధ్యలో ఇంగ్లండులో జార్జ్ ఫాక్స్ బోధతో మొదలైన ఈ సమాజం వాళ్లు కోర్టులో కూడా ప్రమాణం చెయ్యరు. ఆడే ప్రతి మాటా నిజమే కావాలి గనక ప్రమాణంతో పనేమిటన్నది వాళ్ల వాదన. ఈ పట్టుదల వల్లా, రాజ్యం గుర్తించిన సంఘంలో చేరకపోవడం వల్లా పెద్ద విశ్వవిద్యాలయాలూ ప్రభుత్వ పదవులూ వాళ్లకు తరతరాలుగా మూతపడ్డాయి. మిగిలింది వర్తకం.

అంగడిలో వాళ్లు తెచ్చిన మార్పు ధర దగ్గర మొదలైంది. పది చెప్పి ఏడుకు దిగడమంటే మొదటిమాట అబద్ధమనేగా? అందుకని ఇవ్వదలచిన ధరే చెప్పేవాళ్లు, ఆపైన బేరం లేదు. మొదట్లో కొనేవాళ్లు దూరమయ్యారు. తర్వాత్తర్వాత, చిన్నపిల్లాణ్ని పంపినా పెద్దవాడికి చెప్పిన ధరే పలుకుతుందని తెలిసి జనం వాళ్ల కొట్లకే రాసాగారు. దీనికి తోడు సమాజం నిఘా ఒకటి. అప్పులు తీర్చలేక చేతులెత్తేసిన సభ్యుణ్ని నెలవారీ కూటం విచారించేది. తాహతుకు మించి వ్యాపారం చేశాడని తేలితే వెలివేసేది. నీతి సొంత మనస్సాక్షికి వదిలెయ్యకుండా పదిమంది ముందు లెక్క చెప్పించుకోవడమే వీళ్ల బలమని నా అభిప్రాయం. బార్‌క్లేస్, లాయిడ్స్ బ్యాంకుల పుట్టుకలో క్వేకర్ కుటుంబాలున్నాయి. క్లార్క్స్ బూట్లు, బ్రిస్టల్‌లో ఫ్రై, బర్మింగ్‌హామ్‌లో క్యాడ్‌బరీ, యార్క్‌లో రౌన్‌ట్రీ చాక్లెట్లు కూడా వాళ్లవే. సారాకు బదులు తాగదగిన పానీయంగా కోకోను వాళ్లు ఇష్టపడ్డారు. 1824లో జాన్ క్యాడ్‌బరీ తెరిచిన కొట్టులో అమ్మింది టీ, కాఫీ, తాగే చాక్లెట్టే.

క్యాడ్‌బరీ సోదరులు 1879లో కార్ఖానాను ఊరి బయట బోర్న్‌విల్‌కు మార్చారు. 1890లలో జార్జ్ క్యాడ్‌బరీ అక్కడ పెరళ్లతో ఇళ్లు కట్టించడం మొదలుపెట్టి, 1900లో ఆ భూమినీ ఇళ్లనూ ఒక ట్రస్టుకు రాసిచ్చి తన కుటుంబపు హక్కు వదులుకున్నాడు. ఆ ఊళ్లో సారా దుకాణానికి చోటు లేదు. కార్ఖానాలో పెళ్లయిన ఆడవాళ్లకు ఉద్యోగం లేదు. ఆస్తి వదులుకున్న ఉదారతా, పనివాళ్ల బతుకును తానే దిద్దాలనే పెత్తనమూ ఒకే మనిషిలో ఉన్నాయి.

అసలు పరీక్ష కోకో గింజల దగ్గర వచ్చింది. కంపెనీ కొనే కోకోలో పెద్ద వాటా పోర్చుగీసు పాలనలోని సావో తొమే దీవి నుంచి వచ్చేది. 1901లో ఆ దీవిలో అమ్మకానికి వచ్చిన ఒక తోట ఆస్తుల జాబితా ఆ కుటుంబానికే చెందిన విలియం క్యాడ్‌బరీ కంటబడింది. అందులో పనివాళ్లకు కూడా ధర కట్టి ఉంది. బానిసత్వ నిర్మూలనకు ముందు నిలిచిన సమాజం వాళ్లది. వెంటనే కొనడం ఆపెయ్యాలి కదా? ఆపలేదు. పోర్చుగీసు ప్రభుత్వంతోనూ బ్రిటిష్ విదేశాంగ శాఖతోనూ మంతనాలు సాగించారు, 1905లో జోసెఫ్ బర్ట్ అనే క్వేకర్‌ను విచారణకు పంపారు. మూడు క్వేకర్ చాక్లెట్ కంపెనీలూ కొనుగోలు మానుకున్నది 1909 మార్చిలో. ఈలోగా 1908లో ‘స్టాండర్డ్’ పత్రిక వాళ్ల కపటాన్ని ఎండగట్టింది. కంపెనీ పరువునష్టం దావా వేసి గెలిచింది. జ్యూరీ ఇప్పించిన పరిహారం మాత్రం ఒక్క ఫార్దింగు, అంటే పెన్నీలో నాలుగో వంతు. కొంటూ ఉంటేనే ఒత్తిడి తేగలమన్న వాళ్ల వాదనలో కొంత నిజం లేకపోలేదు. కానీ ఎనిమిదేళ్లపాటు ఆ గింజల మీద లాభం వచ్చిందన్నదీ నిజమే.

క్వేకర్ పేరుండగానే మునిగిన సంస్థలూ ఉన్నాయి. క్వేకర్ మూలాలున్న లండన్ ఆర్థిక సంస్థ ఓవరెండ్ గర్నీ 1866 మే 10న చెల్లింపులు ఆపేసి లండన్ మార్కెట్‌ను కుదిపేసింది. మునగకపోయినా క్యాడ్‌బరీ కంపెనీ 2010లో అమెరికన్ క్రాఫ్ట్ చేతికి పోయింది.

మన దేశంలో: పెంకులు, కాలువ, లేసు

స్విట్జర్లాండుకు చెందిన బాసెల్ మిషన్ 1834లో పడమటి తీరానికి వచ్చింది. బాప్తిస్మం తీసుకున్నవాడికి కులవృత్తీ కౌలుభూమీ ఒక్కసారే పోయేవి. సువార్త చెప్పి ఊరుకుంటే వాడు పస్తులుండాలి. అందుకే మిషన్ నేతశాలలు పెట్టింది, 1865లో జార్జ్ ప్లెబ్‌స్ట్ మంగుళూరులో పెంకుల కార్ఖానా పెట్టాడు. 1859లో ఏర్పడ్డ మిషన్ వర్తక కంపెనీలో వాటాదార్లకు దక్కే లాభానికి పరిమితి ఉండేది, మిగులు మిషన్ పనికి పోయేది. పెంకులకు దేశమంతా గిరాకీ వచ్చింది. అయితే పాస్టరూ యజమానీ ఒకే మిషన్ మనుషులైనప్పుడు పనివాడు ఎవరి దగ్గర మొరపెట్టుకోవాలన్న ప్రశ్న ఆ కార్ఖానాల్లో తప్పలేదు. మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ ప్రభుత్వం వీటిని శత్రువు ఆస్తిగా పట్టుకుంది. 1919 నుంచి కామన్వెల్త్ ట్రస్ట్ నడిపింది.

తెలుగు నేల మీద జరిగిన ఉదంతం దీనికన్నా ఆసక్తికరం. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లాఫ్ 1866లో ఒంగోలులో స్థిరపడ్డాడు. అంతకుముందు తన దేశంలో సర్వే పని చేసినవాడు. ఆయన దగ్గరికి మొదట వచ్చినవాళ్లలో యర్రగుంట్ల పేరయ్య తోళ్ల వర్తకం మీద ఊళ్లు తిరిగిన మాదిగ పెద్ద. కొత్త విశ్వాసులకు క్లాఫ్ పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చెయ్యకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలను కొలవకూడదు. వినడానికి భక్తి నియమాలే. కానీ వెట్టిచాకిరీ చేసే మనిషి వారానికో రోజు పనిలోకి రానంటే దెబ్బ తగిలేది రైతుకు. ఊరి పెద్దలు భగ్గుమన్నారు, పాలేళ్లను హింసించారు. ఆదివారపు సెలవు ఇక్కడ యజమాని దయ కాదు, పనివాడు తెగించి తెచ్చుకున్నది.

1876–78 కరువులో మద్రాసు ప్రభుత్వం బకింగ్‌హామ్ కాలువ తవ్విస్తోంది. పని చోట్ల మేస్త్రీలు తక్కువ కులాలవాళ్లను కొట్టి తరిమేవాళ్లు, కూలిలో కోత పెట్టేవాళ్లు. క్లాఫ్ సుమారు మూడున్నర మైళ్ల తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకుని, తన బోధకులనే పని మీద పెట్టి, కూలి పూర్తిగా చెల్లించాడు. మట్టి ఎత్తే గంపలు దింపిన విరామాల్లో వాళ్లు జనంతో మాట్లాడేవాళ్లు. వేలమంది బాప్తిస్మం అడిగినా క్లాఫ్ ఏడాదికి పైగా ఎవరికీ ఇవ్వలేదు. కూలి కోసం, గంజి కోసం మతం మారారన్న మాట రాకూడదని ఆయన పట్టు. వానలు పడి, సాయం ఆగిపోయాక, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. పని ఇచ్చే చెయ్యీ మతమిచ్చే చెయ్యీ ఒకటే అయినప్పుడు వచ్చే అనుమానం అంతటితో తీరిందా అంటే చర్చ ఇప్పటికీ ఉంది. కానీ ఆ అనుమానాన్ని ముందే ఊహించి తన చేతిని తాను కట్టేసుకున్న కాంట్రాక్టరు అరుదు.

నరసాపురం లేసు కథ వేరే దారి పట్టింది. 19వ శతాబ్దంలో గోదావరి డెల్టాలోని మిషనరీ స్త్రీలు పేద క్రైస్తవ మహిళలకు జీవనోపాధిగా కొక్కెపు సూదితో (క్రోషె) లేసు అల్లడం నేర్పారు, అల్లికలను తమ దేశంలోని పరిచయస్తులకు అమ్మిపెట్టారు. తర్వాత వర్తకులు రంగంలోకి దిగారు, కాపు స్త్రీలూ అల్లసాగారు, ఎగుమతులు పెరిగాయి. జర్మన్ పరిశోధకురాలు మరియా మీస్ 1982లో ప్రచురించిన పుస్తకంలో తేల్చినదేమిటంటే, రోజుకు గంటల తరబడి అల్లేవాళ్ల శ్రమను అందరూ ‘ఇంట్లో తీరిక పని’ అనుకోవడం వల్లే కూలి అంత హీనంగా ఉందని. కూలిని బిగబట్టిన యజమానుల మీద యాకోబు పత్రిక 5వ అధ్యాయం చెప్పిన మాటలు వర్తకుడికి చేరలేదు, నైపుణ్యం మాత్రం చేరింది.

కాథలిక్ మార్గం

కాథలిక్ సంఘం వ్యాపారి వ్యక్తిగత నీతితో ఆగకుండా కూలికీ పెట్టుబడికీ ఉన్న సంబంధం మీద అధికారికంగా మాట్లాడింది. 1891లో పోపు 13వ లియో విడుదల చేసిన ‘రేరుమ్ నొవారుమ్’ సొంత ఆస్తిని సమర్థిస్తూనే, కూలివాడు ఒప్పుకున్నాడు గనక ఎంత తక్కువిచ్చినా న్యాయమేనన్న వాదాన్ని తోసిపుచ్చింది. సంసారం గడవని కూలి ఒప్పందమైనా అన్యాయమే. దీని ప్రభావంలో పెరిగిన స్పెయిన్ ఫాదరీ హోసె మరియా అరిస్మెందియారియెతా మోంద్రగోన్ పట్టణంలో సాంకేతిక పాఠశాల పెట్టాడు. ఆయన శిష్యులు 1956లో మొదలుపెట్టిన సహకార కార్ఖానా పెద్ద సహకార సమూహంగా ఎదిగింది. పనివాళ్లే యజమానులు, పై జీతానికీ కింది జీతానికీ మధ్య దూరానికి హద్దు ఉంటుంది. అయినా మార్కెట్ దెబ్బ తప్పించుకోలేదు: సమూహంలో ముఖ్యమైన గృహోపకరణాల సంస్థ ఫగోర్ 2013లో దివాలా తీసింది.

అమెరికా

అమెరికాలో ఈ ఆలోచన సంఘం చేతి నుంచి వ్యక్తి చేతికి మారింది. దశమభాగమే, అంటే రాబడిలో పదోవంతు కానుకగా ఇవ్వడమే, దానికి ముఖ్య గుర్తు. బాప్టిస్టు జాన్ డి. రాక్‌ఫెల్లర్ కుర్రతనంలో తొలి జీతం నుంచే కానుకలు లెక్కరాసి ఇచ్చాడు. ఆయన స్టాండర్డ్ ఆయిల్ పోటీదారులను నలిపేసిన తీరుకు 1911లో సుప్రీంకోర్టు దాన్ని ముక్కలు చేసింది. ఇవ్వడంలో నిజాయితీ ఉండవచ్చు, సంపాదించడంలో అది ఉందని అర్థం కాదు. భారీ మట్టితవ్వకం యంత్రాలు తయారుచేసిన ఆర్. జి. లెటోర్నో లెక్క తిరగేశాడు: తొంభై శాతం సేవకు, పది శాతం తన బతుకుకు.

ట్రూయెట్ క్యాథీ 1946లో జార్జియాలో మొదలుపెట్టిన చిన్న హోటలు, దాని నుంచి పుట్టిన చిక్-ఫిల్-ఎ గొలుసు హోటళ్లు ఆదివారం మూసే ఉంటాయి. తిండి వ్యాపారంలో వారాంతపు రోజు వదులుకోవడం మాటలు కాదు, ఖరీదైన నియమం. చేతిపనుల సామగ్రి అమ్మే హాబీ లాబీ కూడా ఆదివారం మూస్తుంది. అదే సంస్థ, ఉద్యోగినుల ఆరోగ్య బీమాలో కొన్ని గర్భనిరోధక పద్ధతులకు ఖర్చు భరించడం తమ విశ్వాసానికి విరుద్ధమని కోర్టుకెక్కి, 2014లో 5–4 తీర్పుతో సుప్రీంకోర్టులో నెగ్గింది. కుటుంబ యాజమాన్యంలోని కంపెనీకి యజమానుల మతస్వేచ్ఛ వర్తిస్తుందని తేలింది. ఆ విశ్వాసానికి మూల్యం చెల్లించినవాళ్లు మాత్రం ఉద్యోగినులు. 2017లో ఇరాక్ నుంచి అక్రమంగా వచ్చిన పురావస్తువుల కేసులో సంస్థ 30 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది.

తెలుగునాట

తెలుగు విశ్వాసులు కొట్టు తెరిస్తే పాస్టరుగారి ప్రార్థనతో తెరుస్తారు. బోర్డు మీద ఎబెనెజరు, యెహోవా యీరే వంటి పేర్లుంటాయి, ఆటో వెనక యేసయ్య కృప ఉంటుంది. ప్రసంగాల్లో వ్యాపారం మీద వినిపించేది ఎక్కువగా ఆశీర్వాదం గురించే. తూకం, కూలి, అప్పు గురించి తక్కువ. దీనికి కారణం లేకపోలేదు. తెలుగు క్రైస్తవుల్లో అధికులు భూమీ పెట్టుబడీ లేని దళిత కుటుంబాల నుంచి వచ్చినవాళ్లు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం స్వీకరించిన దళితులకు షెడ్యూల్డు కులాల హోదా వర్తించదు. మన రాష్ట్రాల్లో వాళ్లు బీసీ–సీ కిందికి వస్తారు. ఎస్సీ కార్పొరేషన్ రుణాలు అందవు. అప్పు పుట్టనివాడికి వడ్డీ ధర్మం కన్నా ఆశీర్వాదపు ఆశ దగ్గరగా తోస్తుంది.

ఆచరణలో అందరినీ తికమకపెట్టే ప్రశ్న దశమభాగానిది. మలాకీ గ్రంథం 3వ అధ్యాయం ఆధారంగా పదోవంతు ఇవ్వమంటారు సరే, దేనిలో పదోవంతు? నెలకు అయిదు లక్షల సరుకు అమ్మే కిరాణా కొట్టులో అన్ని ఖర్చులూ పోను యాభై వేలు మిగులుతాయనుకుందాం. అమ్మకం మీద లెక్కగడితే మిగిలినదంతా కానుక పెట్టెలోకే పోతుంది. అందుకే తెలిసిన పాస్టర్లు సరుకు ఖరీదు, అద్దె, కరెంటు, పనివాళ్ల జీతాలు తీసేసి మిగిలిన దాంట్లో అయిదు వేలు చాలంటారు. పొద్దుటినుంచి రాత్రి దాకా గల్లాపెట్టె దగ్గర కూర్చున్న భార్యకు జీతం కట్టి ఆ ఖర్చుల్లో రాయాలా వద్దా అన్నది మాత్రం చాలా ఇళ్లలో ఇంకా ఎవరూ ఎత్తని మాట.